ఉప్పు ఆవిరి పట్టిన మగ్గు, జాడీ: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

ఈ సాల్ట్ గ్లేజ్ (ఉప్పు ఆవిరితో గాజు పూత పట్టించిన) స్టోన్‌వేర్ (బాగా ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చిన మట్టి) మగ్గు వాడడం మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది. రోజుకు రెండుసార్లు కాఫీ ఇందులోనే. దీంతోపాటు ఒక మూత జాడీ, ఒక జగ్గు కూడా కొన్నాను. జగ్గు ఇప్పుడు లేదు. తప్పు దానిది కాదు, నాది.

కొత్తలో మగ్గు అంతా ఒకేలా లేదని గునిశాను. ఒక పక్క కమలాపండు తొక్కలా సన్నటి గుంటలతో నిగనిగలాడుతుంది. తిప్పి చూస్తే, చెవి కింద బొటనవేలంత మేర పొడిగా, గరుకుగా ఉంటుంది. లోపమేమో అనుకుని చేసినావిడనే అడిగాను. పైన గ్లేజ్ పూయరట. బట్టీ వేడి 1200 డిగ్రీలు దాటాక లోపలికి మామూలు ఉప్పే వేస్తారు. అది ఆవిరై, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో (ఇసుకలో ఉండే పదార్థమే) కలిసి పాత్ర ఒంటిమీదే గాజవుతుంది. ఆవిరి తగిలిన చోటే మెరుపు. చెవి అడ్డం రావడంతో ఆ కాస్త చోటికి అందలేదు. ఇప్పుడు కాఫీ తాగుతూ నా వేలు దానంతటదే ఆ గరుకు దగ్గరికి పోతుంది.

జాడీ భుజం మీద ఆకుపచ్చ గాజు చుక్క ఒకటుంది. బట్టీ పైకప్పు ఇటుకలకు కూడా ఇదే గాజు పేరుకుని, ఒక్కోసారి కింది పాత్రల మీద కారుతుందట. దాన్ని చూసే ఈ జాడీ ఎంచుకున్నాను.

గట్టిదనానికి వంక పెట్టలేను. జర్మనీలో రైన్ ప్రాంతపు కుమ్మరులు 16వ శతాబ్దంలోనే గడ్డం మొహాలున్న కూజాలు ఇలా కాల్చి దూరదేశాలకు పంపారు. 19వ శతాబ్దంలో మురుగునీటి గొట్టాలకూ ఇదే పూత వాడారు. అంటే నా మగ్గు, డ్రైనేజీ పైపు దూరపు చుట్టాలన్నమాట! జాడీలో పులుపు, ఉప్పు నెలల తరబడి నిల్వ చేశాను. చెమ్మ బయటికి రాలేదు, వాసనా పట్టలేదు.

అయితే ఆ ఘనతలో సగం లోపలి గ్లేజ్‌ది. మూత ఉన్న జాడీ లోపలికి ఉప్పు ఆవిరి సరిగా పోదు కాబట్టి కాల్చకముందే అక్కడ వేరే గ్లేజ్ పోస్తారు. మగ్గు లోపలా అలాగే పోశారు. జాడీకి అది బాగా కుదిరింది, మగ్గుకు కుదరలేదు. రెండో ఏడే సాలెగూడులాంటి గీతలు పడి, వాటిలోకి కాఫీ రంగు దిగింది. వంటసోడా వేసి తోమితే తగ్గుతుంది కానీ పోదు.

ఇంకో చిరాకు అడుగుభాగం. బట్టీ పలకకు అంటుకోకుండా పాత్ర కింద అల్యూమినా (ఆ వేడికి కరగని తెల్లటి పొడి) కలిపిన మట్టి ఉండలు పెడతారు. వాటి మచ్చలు మూడు మిగిలాయి. చూడటానికి అందమే, కానీ మొదటి వారమే టేబుల్ మీద గీత గీసింది. తడి గరుకు కాగితంతో పది నిమిషాలు రుద్దాక గానీ దారికి రాలేదు.

ఇక జగ్గు. ఫ్రిజ్‌లోంచి తీసి, కడిగేద్దామని అప్పుడే మరిగిన నీళ్లు పోశాను. టక్‌మని ఒక్క చప్పుడు, చెవి మొదలు నుంచి అడుగు దాకా పగులు. స్టోన్‌వేర్ ఎంత గట్టిదైనా వేడిలో ఆ హఠాత్తు మార్పును ఓర్చుకోదు.

మళ్లీ ఇలాంటి జగ్గే కొంటాను. ఈసారి పైమెరుపు చూసేముందు అడుగు వేలితో తడిమి, లోపల టార్చి వేసి చూస్తాను.