చిన్న సర్వర్ మీద డెస్క్‌టాప్ వ్యవస్థ: పర్లాకిమిడిలో ఆరేళ్ల వాడకం

పర్లాకిమిడిలో మాకొక డీటీపీ దుకాణం ఉంది. శుభలేఖలు, బడి దరఖాస్తులు, భూమి కాగితాలకు జత చేసే అర్జీలు, కొమ్ముతో బొమ్మలు చేసే పనివారి సరుకుల పట్టీలు మా నిత్యపు పని. వచ్చేవారిలో సగం మంది ఒడియాలో అడుగుతారు, సగం మంది తెలుగులో అడుగుతారు, పాతపట్నం వైపు నుంచి వచ్చేవారికి రెండు భాషల్లోనూ కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు దుకాణంలోకి నీరు వచ్చి, నేల మీద ఉన్న కంప్యూటర్‌తో పాటు పదకొండేళ్ల ఫైళ్లు పోయాయి. ఒకే డిస్కులో అన్నీ దాచుకోవడం ఎంత పొరపాటో ఆ వారంలో తెలిసింది. మరుసటి సంవత్సరం నవంబరులో నేను మామూలు కంప్యూటర్‌కు బదులు నాలుగు డిస్కులు పట్టే చిన్న సర్వర్ ఒకటి పాతది కొని, దాని మీద డెస్క్‌టాప్ వ్యవస్థను పెట్టుకున్నాను. ఆ యంత్రమే ఇప్పటికీ నా బల్ల మీద ఉంది, ఈ సమీక్షను కూడా దాని మీదే టైపు చేస్తున్నాను.

ముందుగా యంత్రం సంగతి. ఇది 2013 ప్రాంతపు తరానికి చెందిన పెట్టె. మూడున్నర అంగుళాల డిస్కులకు నాలుగు అరలు, పైన సీడీ డ్రైవ్ కోసం ఒక సన్నని అర, లోపల మదర్‌బోర్డు మీద ఒక యూఎస్‌బీ రంధ్రం, 150 వాట్ల పవర్ సప్లై ఉన్నాయి. నాకు వచ్చినప్పుడు ఇందులో రెండు కోర్ల సెలెరాన్ జీ1610టీ ప్రాసెసర్ ఉండేది. రెండేళ్ల తరువాత నాలుగు కోర్ల జియాన్ ఈ3-1265ఎల్ వీ2 పాతది దొరికితే మార్చాను. ర్యామ్ రెండు స్లాట్లలో కలిపి 16 జీబీ మించి పట్టదు, అది కూడా ఈసీసీ (తప్పులు సరిచేసుకునే) రకం డీడీఆర్3 కావాలి. ఇక్కడే మొదటి దెబ్బ తగిలింది. ర్యామ్ అమ్మినవారు రిజిస్టర్డ్ రకం పంపారు. అది కూడా ఈసీసీయే, చూడటానికి తేడా తెలియదు, కానీ ఈ బోర్డులో పని చేయదు. అన్‌బఫర్డ్ రకం మళ్లీ తెప్పించుకునే సరికి మూడు వారాలు పోయాయి. కొనేవారు ఈ ఒక్క మాటను రాసి పెట్టుకుని మరీ అడగాలి. ఈసీసీ ర్యామ్‌లో ఒక బిట్ తారుమారైతే తనంతట తానే సరిచేసుకుంటుంది, రెండు బిట్లు మారితే తప్పు జరిగిందని పట్టుకుంటుంది. రోజంతా వేసి ఉంచే యంత్రానికి, వేల కొద్దీ ఫైళ్లను చేతులు మార్చే పనికి ఇది విలువైన రక్షణ అని నా నమ్మకం.

సర్వర్ యంత్రానికి సర్వర్ వ్యవస్థే పెట్టాలని చాలామంది అనుకుంటారు. లైనక్స్ విషయంలో ఆ గీత అంత గట్టిది కాదు. నేను పెట్టిన డెబియన్ అనే లైనక్స్ రకంలో కెర్నల్, అంటే వ్యవస్థకు మూలమైన భాగం, రెంటికీ ఒక్కటే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చివర వచ్చే జాబితాలో డెస్క్‌టాప్ కావాలని ఎంచుకుంటే డెస్క్‌టాప్ అవుతుంది, దూరం నుంచి యంత్రంలోకి వెళ్లనిచ్చే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ కూడా కావాలంటే అదీ వస్తుంది, రెండూ పక్కపక్కనే ఉంటాయి. దుకాణంలోని మిగతా రెండు విండోస్ కంప్యూటర్లకు సాంబా అనే ప్రోగ్రామ్ ద్వారా ఫైళ్లు అందించడం ఒక పని, నా ముందున్న తెరపై శుభలేఖ దిద్దడం మరొక పని. ఎప్పుడైనా నా డెస్క్‌టాప్ బిగుసుకుపోయి లాగిన్ తెర నుంచి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చినా, పక్క బల్ల మీద ఫైలు తెరిచి పని చేస్తున్న మా తమ్ముడికి ఆ సంగతే తెలియదు.

ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. అది బూట్ అయ్యేలా, అంటే స్విచ్ వేయగానే లేచేలా, చేయడానికి మాత్రం నాకు నాలుగు రోజులు పట్టింది. నా ఆలోచన సులువైనదే: పై అరలో చిన్న ఎస్ఎస్‌డీ పెట్టి దానిలో వ్యవస్థను ఉంచాలి, కింది నాలుగు అరలను పూర్తిగా ఫైళ్లకు వదలాలి. డిస్కులు లేకుండా ఎస్ఎస్‌డీ ఒక్కదాన్నే తగిలించి ఇన్‌స్టాల్ చేస్తే చక్కగా లేచింది. ఆనందంగా డిస్కులు రెండూ అరల్లోకి నెట్టి స్విచ్ వేస్తే బూట్ కాదగిన డిస్కు లేదని చెప్పి ఆగిపోయింది. కారణం తరువాత అర్థమైంది. యంత్రాన్ని మొదట లేపే ప్రోగ్రామ్‌గా ఈ పెట్టెలో కొత్త తరహా యూఈఎఫ్ఐ లేదు, ఉన్నది పాత తరహా బయాస్. డిస్కులను విడివిడిగా చూపే ఏహెచ్‌సీఐ పద్ధతిలో అది హార్డ్ డిస్కులన్నిటిలోనూ మొదట కనిపించిన దాన్నే, అంటే మొదటి అరలోని దాన్నే, బూట్ కోసం చూస్తుంది. పై అర వంతు ఎప్పటికీ రాదు.

దీనికి మార్గం లోపలి యూఎస్‌బీ రంధ్రం. ఒక 8 జీబీ పెన్ డ్రైవ్‌ను అక్కడ గుచ్చి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే కెర్నల్ ఉండే బూట్ విభాగాన్ని దాని మీద పెట్టి, కెర్నల్‌ను లేపే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను కూడా దానిలోకే ఎక్కించాను. బయాస్ పెన్ డ్రైవ్‌ను చదువుతుంది, గ్రబ్ అక్కడి నుంచే కెర్నల్‌ను పైకి తెస్తుంది, కెర్నల్ లేచాక తన సొంత డ్రైవర్‌తో ఎస్ఎస్‌డీని పట్టుకుంటుంది. బయాస్‌కు ఎస్ఎస్‌డీ కనబడనక్కర లేదు. గ్రబ్ ఒక్కదాన్నే పెన్ డ్రైవ్ మీద పెట్టి కెర్నల్‌ను ఎస్ఎస్‌డీలో వదిలేస్తే నా యంత్రం లేవలేదు; ఆ దశలో గ్రబ్‌కు బయాస్ చూపించిన డిస్కులే కనిపిస్తాయి. నేను రెండో రోజంతా పోగొట్టుకున్నది ఈ తేడా తెలియకనే. కెర్నల్ కొత్తది వచ్చినప్పుడల్లా ఈ పెన్ డ్రైవ్ మీద రాత జరుగుతుంది కనుక, దాని మొత్తం నకలును మరో పెన్ డ్రైవ్‌కు తీసి పెట్టె మూత లోపలి వైపున టేపుతో అంటించి ఉంచుతాను. మూడో సంవత్సరంలో అసలుది చెడిపోయినప్పుడు ఆ నకలును గుచ్చి ఐదు నిమిషాల్లో పనిలోకి వెళ్లాను.

తెర, శబ్దం విషయాల్లో ఈ పెట్టె సర్వర్ అన్న సంగతి వెంటనే తెలిసిపోతుంది. బోర్డు మీది వీడియో చిప్పు యంత్రశాలలో అప్పుడప్పుడు ఒక మామూలు తెర తగిలించి చూసుకోవడానికి ఉద్దేశించింది. కిటికీని పక్కకు లాగితే గీతలు గీతలుగా కదిలేది. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉన్నా బోర్డు మీద దానికి దారి లేదు. అందుచేత పొట్టి రకం, ఫ్యాన్ లేని రేడియాన్ హెచ్‌డీ 5450 కార్డును వేశాను. దానికి 19 వాట్లకు మించి అక్కరలేదు కాబట్టి చిన్న పవర్ సప్లైకి భారం కాలేదు. డెబియన్ 10లో ఇటువంటి కార్డుకు కావలసిన ఫర్మ్‌వేర్ (కార్డును నడిపే చిన్న ప్రోగ్రామ్) ఇన్‌స్టాలర్‌తో రాదు, స్వేచ్ఛా లైసెన్సు లేనివాటిని ఉంచే నాన్-ఫ్రీ విభాగాన్ని చేర్చుకుని మనమే తెచ్చుకోవాలి; అది చదవకుండా ముందుకు పోయి ఒక పూట నల్ల తెరను చూస్తూ కూర్చున్నాను. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఈ ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. మరొక మాట: కార్డును ప్రధానంగా పెట్టిన తరువాత దూరం నుంచి యంత్రాన్ని చూసే నిర్వహణ తెరలో డెస్క్‌టాప్ కనబడదు, ఆ తెర బోర్డు చిప్పుకే కట్టుబడి ఉంది. శబ్దానికి బోర్డులో ఏర్పాటే లేదు. యూఎస్‌బీ సౌండ్ ముక్క ఒకటి తగిలిస్తే సరిపోయింది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది నిద్ర వ్యవహారం. మొదటి నెలలో మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళితే, నేను లేచిన ఇరవై నిమిషాలకు దుకాణంలోని రెండు కంప్యూటర్లకూ ఫైళ్లు అందడం మానేసేవి. తిరిగి వచ్చి మీట నొక్కినా తెర వెలిగేది కాదు, స్విచ్ ఆపి వేయవలసి వచ్చేది. డిస్కు చెడిందా, నెట్‌వర్క్ తీగ వదులైందా అని అన్నీ వెతికాను. అసలు కారణం వేరు: అప్పుడు నేను పెట్టుకున్న డెస్క్‌టాప్‌లో ఎవరూ ముట్టుకోకపోతే యంత్రాన్ని నిద్రపుచ్చే అమరిక తనంతట తానే అమలులో ఉంది. పక్క కంప్యూటర్లు ఫైళ్లు వాడుకుంటున్నాయన్న సంగతి దాని లెక్కలోకి రాదు. సర్వర్ బోర్డులు నిద్రకు, మెలకువకు తయారైనవి కావు, కనుక పడుకున్నది లేవలేకపోయేది. డెస్క్‌టాప్ అమరికల్లో మార్చితే ఆ వాడుకరికి మాత్రమే వర్తించింది, లాగిన్ తెర దగ్గర మళ్లీ అదే జరిగింది. చివరకు వ్యవస్థ సేవలను నడిపే సిస్టమ్‌డీలో స్లీప్, సస్పెండ్, హైబర్నేట్, హైబ్రిడ్ స్లీప్ అనే నాలుగు లక్ష్యాలనూ మాస్క్ చేసి శాశ్వతంగా మూసేశాను. ఆ తరువాత తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌కు మారాను. సర్వర్ మీద డెస్క్‌టాప్ పెట్టేవారు ఇన్‌స్టాల్ అయిన మొదటి గంటలోనే ఈ పని చేసుకోవాలని నా గట్టి సలహా.

నా వృత్తికి సంబంధించినంతవరకు అసలు పరీక్ష తెలుగు, ఒడియా రాతలదే. ఇక్కడ నేను ఊహించినదానికంటే ఎక్కువే దక్కింది. భాషల టైపింగ్ చూసే ఐబస్‌లో రెండు భాషలకూ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకున్నాను. ఈ అమరికలో తెలుగు క ఏ మీట మీద ఉందో ఒడియా క కూడా ఆ మీట మీదే ఉంటుంది, గుణింతపు గుర్తులూ అంతే. కాబట్టి వేళ్లు ఒక్కసారి నేర్చుకున్నది రెండు లిపులకూ పనికి వచ్చింది. సరిహద్దు ఊళ్లో కూర్చుని రెండు భాషల్లో టైపు చేసేవారికి ఇంతకంటే మంచి అమరిక నాకు తెలియదు. రాతపనికి వాడే లిబ్రెఆఫీస్‌లో 5.3 నుంచి అక్షరాలు పేర్చే పని హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రామ్ చూసుకుంటోంది, అందువల్ల వత్తులు, రావత్తు జారిపోకుండా తెర మీద ఎలా ఉన్నాయో పీడీఎఫ్‌లోనూ అలాగే వస్తున్నాయి. పోతన 2000, వేమన 2000, లోహిత్ ఫాంట్లు డెబియన్ పొదిలోనే ఉన్నాయి. రామభద్ర, మల్లన్న, మండలి, గిడుగు వంటివి విడిగా తెచ్చుకున్నాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠం చెప్పిన ఊరు ఇది, ఆయన పేరు పెట్టుకున్న ఫాంటుతో ఈ ఊరి శుభలేఖలు అచ్చు వేయడం నాకు ప్రతిసారీ సంతోషంగా ఉంటుంది. ఆయన జీవితాన్ని ధారపోసిన సవర భాషకు ఉన్న సొరాంగ్ సొంపెంగ్ లిపి కూడా నోటో ఫాంట్లతో పాటు వచ్చింది; కొండ ఊళ్ల నుంచి వచ్చిన ఒకరికి ఆ అక్షరాలు నా తెర మీద కనబడినప్పుడు ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు.

పాత అను ఫాంట్ల ఫైళ్లు మాత్రం ఇక్కడ తెరుచుకోవు, అవి అన్ని యంత్రాలకూ ఉమ్మడిగా ఉండే యూనికోడ్ సంకేతాల్లో లేవు. తుఫానుకు ముందు ఇతరులకు ఇచ్చి ఉండటం వల్ల దక్కిన కొన్ని ఫైళ్లను తెరవడానికి, మా దగ్గరున్న పాత విండోస్ 7 ను యంత్రం లోపల మరో యంత్రంలా నడిచే వర్చువల్ యంత్రంగా పెట్టి, దానికి ఇంటర్నెట్ అందకుండా చేశాను. నాలుగు కోర్ల ప్రాసెసర్ అవసరమైనది దీని కోసమే.

కరెంటు విషయానికి వస్తే, నా మీటరులో ఈ యంత్రం మామూలు పనిలో 40 వాట్ల దగ్గర నిలుస్తోంది. రోజంతా వేసి ఉంచితే నెలకు దాదాపు 29 యూనిట్లు. స్విచ్ వేసిన తరువాత డెస్క్‌టాప్ రావడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది, అందులో ఎక్కువ భాగం బయాస్ తన పరీక్షలు తాను చేసుకోవడానికే. ఫ్యాన్ మేలో బాగా వినిపిస్తుంది. యూపీఎస్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి దాన్ని గమనించే ఎన్‌యూటీ అనే ప్రోగ్రామ్ అమర్చాను కనుక బ్యాటరీ అడుగంటేలోపు యంత్రం ఫైళ్లు మూసుకుని తానే ఆగిపోతుంది.

వ్యవస్థను 10 నుంచి 11కు, 11 నుంచి 12కు మార్చినప్పుడు మళ్లీ ఇన్‌స్టాల్ చేయలేదు. 11కు వెళ్లేటప్పుడు భద్రతా సవరణల చిరునామా పేరు మారిన సంగతి, 12కు వెళ్లేటప్పుడు ఫర్మ్‌వేర్‌కు వేరే విభాగం ఏర్పడిన సంగతి విడుదల పత్రంలో చదివి చేర్చుకున్నాను, అంతే. 13 వచ్చినా ఇంకా మారలేదు; 12కు దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్ వరకు ఉంది, పెళ్లిళ్ల రోజుల్లో పని చేస్తున్న యంత్రాన్ని కదిలించడం నాకిష్టం లేదు.

డిస్కుల ఏర్పాటు ఇది: మొదటి రెండు అరల్లో 2 టీబీ డిస్కులు రెండు ఎండీఏడీఎం అనే సాధనంతో అద్దంగా, అంటే ఒకదానిలో రాసింది రెండోదానిలోనూ ఉండేలా, ఉన్నాయి, మూడో అరలోని డిస్కుకు ప్రతి రాత్రి నకలు పోతుంది, వారానికొకసారి మరో నకలు బయటి డిస్కులో మా ఇంటి అటక మీదికి చేరుతుంది. అద్దం ఒక్కటే ఉంటే చాలదు, పొరపాటున చెరిపిన ఫైలు రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. డెబియన్‌లో ప్రతి నెలా మొదటి ఆదివారం ఈ అద్దాన్ని మొత్తం సరిచూసే ఏర్పాటు ముందే ఉంటుంది. పోయిన ఏడాది అటువంటి ఒక ఆదివారం తరువాత రెండో అరలోని డిస్కు చదవలేకపోతోందని సమాచారం వచ్చింది. ఈ పెట్టెలో నడుస్తుండగా డిస్కు తీయకూడదు, కాబట్టి సోమవారం ఉదయం దుకాణం తెరవకముందే ఆపి, కొత్తది పెట్టి, అద్దంలోకి చేర్చాను. రెండు డిస్కులూ మళ్లీ ఒకటి కావడానికి ఐదు గంటలు పట్టింది. ఆ ఐదు గంటల్లోనూ పక్క కంప్యూటర్ల మీద కాశీనగర్ వారి శుభలేఖ, ఒక బడి దరఖాస్తులు, కొమ్ము పనివారి కొత్త పట్టీ తయారవుతూనే ఉన్నాయి. ఫైళ్లు తెరుచుకోవడం కాస్త మందగించిందని మా తమ్ముడు ఒకసారి అడిగాడు.