చెత్త బండి సేవకు మంచి మార్కులు, రేటు లెక్కకు సగం మార్కులు

మా నగరంలో ఇంటి చెత్త, రీసైక్లింగ్ సేకరణను ఒకే కంపెనీకి ఫ్రాంచైజీగా ఇచ్చారు. ఐదేళ్లుగా వాడుతున్న ఈ సేవలో బండి గురించి నాకు ఫిర్యాదు లేదు. చెప్పిన రోజున తెల్లవారేసరికి వస్తుంది, డబ్బాను తీసిన చోటే పెట్టి వెళ్తుంది. అయితే మరో కంపెనీని ఎంచుకునే వీలు లేని చోట ధరను అదుపులో ఉంచాల్సింది నగరపాలక సంస్థే కనుక, రేటు నిర్ణయించే తీరు కూడా ఈ సేవలో భాగమేనని నేను భావిస్తున్నాను.

ఈసారి పెంపు నోటీసు రాగానే పాలక మండలి ముందుంచిన లెక్కల పట్టిక అడిగి తెచ్చుకుని చదివాను. బండ్లు, డ్రైవర్ల జీతాలు, ఇంధనం, రీసైక్లింగ్ సరుకును వేరుచేసే కేంద్రం, డంపింగ్ యార్డులో టన్నుకు ఇంతని కట్టే రుసుము, కంపెనీ లాభం వరుసగా ఉన్నాయి. వాటి కింద కంపెనీ నగరానికి కట్టే ఫ్రాంచైజీ ఫీజు ఉంది. కంపెనీ చెల్లిస్తున్నట్టు కనిపించినా అది రేటులో కలిసి మన బిల్లు మీదికే వస్తుంది.

లాభం గడి దగ్గర చాలాసేపు ఆగాను. వసూలులో 90 శాతం ఖర్చు, మిగతాది లాభం అనే పద్ధతిలో ఖర్చు 90 అయితే వసూలు 100, లాభం 10. అదే ఖర్చు 108కి పెరిగితే వసూలు 120, లాభం 12 అవుతుంది. అంటే ఖర్చు తగ్గించుకున్న కంపెనీకి తదుపరి సమీక్షలో లాభమూ తగ్గుతుంది. అందుకే డంపింగ్ రుసుము వంటి, కంపెనీ చేతిలో లేని ఖర్చులకు లాభం కలపకూడదు. మా ఒప్పందంలో ఆ జాగ్రత్త తీసుకున్నారు, అది నిజంగా మెచ్చుకోదగినది.

నాకు నచ్చనిది ఏటేటా ధరల సూచీని బట్టి రేటు దానంతటదే పెరగడం. ఆడిట్ ఖర్చు లేని సులువైన పద్ధతి కావడంతో నగరాలు దాన్ని ఇష్టపడతాయి. కానీ ఏళ్ల తరబడి కంపెనీ ఖాతాలు తెరిచి చూడకపోతే రేటుకూ అసలు ఖర్చుకూ సంబంధం తెగిపోతుంది. 2018లో చైనా ప్లాస్టిక్, కలగలుపు కాగితం దిగుమతులను ఆపేయడంతో చాలా చోట్ల రీసైక్లింగ్ అమ్మకపు ఆదాయం పడిపోయింది. అటువంటి మార్పు ఎటు జరిగినా సాధారణ ధరల సూచీకి అంతుపట్టదు.

ఖర్చు ఆధారంగా రేటు కట్టే చోట కూడా నగరం తరఫున లెక్క సరిచూసేవారు ఉండాలి. శాన్ ఫ్రాన్సిస్కోలో 2017 నాటి రేటు లెక్కలో కొంత ఆదాయాన్ని చూపకపోవడంతో వినియోగదారుల నుంచి అధికంగా వసూలైంది. 2021లో కుదిరిన పరిష్కారం ప్రకారం 9 కోట్ల డాలర్లకు పైగా వారికి తిరిగి ఇవ్వవలసి వచ్చింది. ఆ తర్వాత 2022లో ఓటర్లు రేట్ల నిర్ణయ విధానాన్నే మార్చి, కంపెనీ దరఖాస్తు మీదే ఆధారపడకుండా రేట్లను ప్రతిపాదించే బాధ్యతను నగరపు అధికారికి అప్పగించారు.

మా దగ్గర బహిరంగ విచారణకు వెళ్లి, పూర్తి ఖాతాల సమీక్ష మళ్లీ ఎప్పుడని అడిగాను. ఒప్పందం ముగిసినప్పుడేనని చెప్పారు. మూడేళ్లకోసారి సమీక్ష జరగాలనీ, రీసైక్లింగ్ ఆదాయాన్ని విడి గడిలో చూపాలనీ రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని వచ్చాను.