డెస్మోప్రెసిన్: స్ప్రే కంటే మాత్రే నయం

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి ఆపరేషన్ అయ్యాక నాకు వచ్చినది సెంట్రల్ డయాబెటిస్ ఇన్సిపిడస్. ఒంట్లో నీటిని నిలిపే వాసోప్రెసిన్ హార్మోను చాలదు. మందు లేకపోతే లీటర్ల కొద్దీ మూత్రం, ఎంత తాగినా తీరని దాహం. షుగరుతో దీనికి ఏ సంబంధమూ లేదు. అయినా పెళ్లి విందుల్లో నా విస్తట్లోంచి మైసూరుపాకు తీసేసే పెద్దమ్మలు ఉన్నారు!

దీనికి వాసోప్రెసిన్‌కు బదులు ఇచ్చే మందు డెస్మోప్రెసిన్. మొదట దాన్ని ముక్కులో కొట్టుకునే స్ప్రేగా రాశారు, ఒక్క నొక్కుకు 10 మైక్రోగ్రాములు. త్వరగా పనిచేసే మాట నిజమే. కానీ ముక్కు దిబ్బడ వేస్తే మందు సరిగా ఇంకదు. చెన్నైలో ఐప్పసి (అక్టోబరు-నవంబరు) వానలు మొదలైతే నాకు జలుబు ఖాయం, ఇక రాత్రంతా బాత్రూముకు తిరగడమే. పైగా నేను వాడిన రకాన్ని ఫ్రిజ్‌లోనే ఉంచాలి. వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా సీసా గురించే బెంగ.

మాత్రకు మారాక ఆ బాధలు పోయాయి. ఇందులో మోతాదు 100 మైక్రోగ్రాములు. అంత ఎక్కువ ఎందుకంటే, తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ పెప్టైడు (చిన్న ప్రొటీను ముక్క లాంటిది) కడుపులోనే చాలావరకు అరిగిపోతుంది, నూటికి ఒక వంతు కూడా రక్తంలోకి చేరదు. సహజ హార్మోనులో రెండుచోట్ల చిన్న మార్పులు చేసి దీన్ని తయారుచేశారు. అందుకే ఎక్కువసేపు నిలుస్తుంది, రక్తపోటును దాదాపు కదిలించదు. భోజనంతో వేసుకుంటే ఇంకా తక్కువ ఒంటబడుతుంది కాబట్టి నేను తిండికి ముందే, రోజూ ఒకే వేళకు వేసుకుంటాను.

అసలు జాగ్రత్త నీళ్ల దగ్గర. మే నెలలో ఇక్కడ ఎవరింటికి వెళ్లినా మజ్జిగ, కొబ్బరినీళ్లు, 'ఇంకో గ్లాసు తాగండి' అనే బలవంతం. మందు పనిచేస్తున్నంతసేపూ మూత్రపిండాలు అదనపు నీటిని బయటికి పంపలేవు. రక్తంలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్‌ల కంటే బాగా పడిపోతే తలనొప్పి, వాంతులు, మగత, ముదిరితే మూర్ఛ. దాహమైతేనే తాగడం, వారానికి ఒకసారి మూత్రం ధారాళంగా వచ్చేదాకా మాత్రను కాస్త ఆలస్యం చేయడం, ఈ రెండూ మా డాక్టరు పెట్టిన నియమాలు. మర్యాద కోసం వీటిని తప్పను.

ఒకసారి జ్వరంతో ఒక ఆసుపత్రిలో చేరితే, షుగరు మందనుకుని దీన్ని ఆపేశారు. మా ఆవిడ గొడవపడితే గాని మళ్లీ ఇవ్వలేదు. ఇలాంటి పొరపాట్లు ప్రాణాల మీదికి తెస్తున్నాయనే 2022లో ఎండోక్రైన్ (హార్మోను వైద్య) సంఘాలు జబ్బు పేరును ఆర్జినిన్ వాసోప్రెసిన్ లోపంగా మార్చాలన్నాయి. వార్డుల్లో ఇంకా పాత పేరే వినిపిస్తోంది.

చిన్న మందుల షాపుల్లో ఇది దొరకదు. ముందే చెప్పి తెప్పించుకోవాలి. నెల్లూరు వెళ్లేటప్పుడు ఒక స్ట్రిప్పు జేబులో, ఇంకొకటి మా ఆవిడ సంచిలో ఉంటాయి.