కారు ఇన్సూరెన్స్ క్లెయిమ్ సర్వీస్, ఒక్క స్టారే ఇస్తున్న

మడికొండ దాటినంక మా కారును వెనక నుంచి లారీ గుద్దింది, బాపు కుడిచెయ్యి ఇరిగింది, ఎంజీఎం దవాఖానల ఎక్స్‌రే తీపిచ్చి, ఎఫ్ఐఆర్ రాయించి అదే రోజు కంపెనీకి ఫోన్ చేసినం. నష్టం లెక్కగట్టే సర్వేయర్ తొమ్మిది రోజులకు వచ్చిండు, డిక్కీ సొట్టను గోటితోటి గీకి చూసి పాత దెబ్బ అని రాసుకపోయిండు! ప్లాస్టిక్, రబ్బర్ పార్టులకు 50 శాతం కోత పాలసీలనే ఉంటది, అది ఒప్పుకుంట, కానీ డిక్కీ డోర్ పైసలు ఎందుకు కొట్టేసిన్రో ఒక్కరు చెప్పరు.

రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి 30 రోజులు చూసి హైదరాబాద్‌ల ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) పెట్టిన, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, మీరు గూడ పెట్టుర్రి. చెయ్యి ఇరిగినదానికి మాత్రం లారీ ఇన్సూరెన్స్ మీద ట్రిబ్యునల్ల (యాక్సిడెంట్ పరిహారం కేసులు చూసే కోర్టు) కేసు వేసుకోవాలె, చట్టంల 6 నెలలే గడువు. బాపు ఇంకా ఎడమచేత్తోటే తింటుండు.