శిలాతోరణానికి పది నిమిషాలేనా?

మా మామ కుప్పం గ్రానైట్ క్వారీల్లో 30 ఏళ్ళు పనిచేశాడు. రాయి కనిపిస్తే చెయ్యి పెట్టి చూడందే కదలడు. అట్లాంటి మనిషికి తిరుమల శిలాతోరణం చూపిస్తానని చిత్తూరు నుంచి పిలుచుకోని పోతే, అక్కడ మాకు దక్కింది పదే నిమిషాలు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

దర్శనం ముందురోజే బాగా జరిగింది, గది శుభ్రంగా ఉంది. మోసపోయింది టాక్సీ దగ్గర. కొండమీద చూడాల్సినవన్నీ చూపించి, దిగేటప్పుడు ఘాట్ రోడ్డులో రాతిపొరలు కనిపించే చోట కూడా ఆపుతానని 3,200కి ఒప్పుకున్నాడు. పాపవినాశనం దగ్గర అంగళ్ళ ముందు ముప్పావుగంట తీరిగ్గా కూర్చున్నవాడు, శిలాతోరణం దగ్గర మాత్రం ఇంజనే ఆపలేదు. మేం కంచె దగ్గరికి చేరేసరికి హారన్ మొదలు.

సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న రాతి కమాను అది. మనిషి చెక్కింది కాదు. గాలి, నీరు లక్షల ఏళ్ళు తొలుచుకుంటూ పోతే, గట్టి భాగం అట్లా వంతెనలా మిగిలింది. స్వామి రెండో అడుగు ఇక్కడే పెట్టాడని భక్తుల నమ్మకం. మామ కంచె అవతలి నుంచే చూస్తూ, ఏదో అడగబోయి హారన్ విని ఊరుకున్నాడు.

ఘాట్ రోడ్డులో అడిగితే, "ఇక్కడ ఆపకూడదు సార్, ఫైన్ వేస్తారు" అన్నాడు. ఎక్కడపడితే అక్కడ ఆపకూడదన్నది సరే, ఆ ముక్క బేరం ఆడేటప్పుడే చెప్పాలి కదా! పైగా దిగేటప్పుడు వెయిటింగ్‌కని ఇంకో 300 పట్టుబట్టి తీసుకున్నాడు. మామ ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

మర్నాడు టాక్సీ ఊసెత్తకుండా 250 రూపాయలకు ఆటోలో చంద్రగిరి పోయాం. రాజమహల్‌ని పైపైన చూసి, కోట కొండ కింద బండల మధ్య రెండు గంటలు నడిచాం. కలపే వాడకుండా కట్టిన మహల్ అంటే అందరికీ గొప్పే, మామకు మాత్రం బండలు చాలు. ఒక బండను అరచేత్తో రుద్ది, "ఇది మన రాయే అల్లుడా. తళుకు చూడు. నిన్న పైన చూసింది వేరే, అది ఇసక బిగిసిన రాయి" అన్నాడు.

చదువుకోని మామ చెప్పింది అక్షరాలా నిజం. కింది గ్రానైట్ భూమి లోపల కరిగి గడ్డకట్టిన రాయి, వయసు 200 కోట్ల ఏళ్ళ పైమాటే. పైది నగరి క్వార్ట్‌జైట్. ఒకప్పటి నీటి అడుగున పేరుకున్న ఇసుకే, సుమారు 160 కోట్ల ఏళ్ళ కిందట గట్టిపడింది. ఈ రెంటి నడుమ పదుల కోట్ల ఏళ్ళకు సంబంధించిన రాయే లేదు. ఆ రెండూ కలిసే గీతనే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించిన ఆ చోటు ఘాట్ రోడ్డులోనే ఉంది.

మధ్యాహ్నం రోడ్డు పక్క చిన్న హోటల్లో రాగి సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి, పప్పు. మనిషికి 60. ఊరిబిండి రోట్లో నూరింది, పలుకు పంటికి తగులుతోంది. మామ రెండో ముద్ద అడిగి పెట్టించుకున్నాడు. ముందురోజు అలక అక్కడితో పోయింది.

ఆ గీత కోసమే మళ్ళీ కొండకు, ఈసారి ఆర్టీసీ బస్సెక్కాం. మనిషికి పోను 90, రాను 90. దిగే బస్సులో మామను కొండవైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. కింద పొరల్లేని ముద్ద రాయి, పైన పుస్తకాలు పేర్చినట్టు పొరలు. "అదో, అదో అల్లుడా!" అంటూ నా భుజం పట్టి ఊపేశాడు. బస్సంతా మావైపే చూసింది.

మీరు పోతే టాక్సీకి 3,200 పొయ్యొద్దు. బస్సులో కొండవైపు సీటు పట్టుకోండి. శిలాతోరణానికి విడిగా గంటైనా పెట్టుకోండి. టాక్సీ తప్పదంటే, ఎక్కడ ఆపుతాడో, ఎంతసేపు ఆగుతాడో ముందే కాగితం మీద రాయించుకోండి.

ఆ రాత్రి మామ అత్తకు ఫోన్ చేశాడు. దర్శనం సంగతి ఒక్క మాటలో అయిపోయింది. గీత గురించి మాత్రం నేను నిద్రపోయేదాకా చెబుతూనే ఉన్నాడు.