నాన్నతో రోమ్‌లో గ్రెనేడియర్ల మ్యూజియం, తర్వాత చెంజియో కొండ

వాటికన్, కొలోసియం, ట్రెవీ ఫౌంటెన్ అన్నీ సాఫీగా అయిపోయాయి. వాటి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను రాస్తున్నది నాన్న కోసం.

నాన్న మద్రాస్ రెజిమెంట్‌లో హవల్దార్‌గా రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులు. అందుకే టెర్మినీ స్టేషన్ దగ్గర బస చూసుకునేటప్పుడు లిఫ్ట్ ఉందని రెండుసార్లు మెసేజ్ పెట్టి మరీ ఖాయం చేసుకున్నాను. రాత్రి తొమ్మిదింటికి వెళ్తే లిఫ్ట్‌కి తాళం. 'రిపేరు' అన్నాడు ఓనరు. అక్కడ కింది అంతస్తును లెక్కపెట్టరు కాబట్టి మూడో అంతస్తు అంటే మన లెక్కలో నాలుగోది. ఆలస్యంగా వచ్చారంటూ 25 యూరోలు, మర్నాడు సామాను ఉంచుకున్నందుకు మనిషికి 5 యూరోలు అదనం. రాత్రికి 92 యూరోలు, సిటీ టాక్స్ వేరే. నాన్న ఒక్క మాట అనకుండా రెయిలింగ్ పట్టుకుని మెట్లెక్కారు. అమ్మ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు లిఫ్ట్ ఈ రోజు పనిచేస్తోందా అని బయలుదేరే రోజు కూడా అడగండి.

మర్నాడు నాన్న మొహం చూసి ప్లాన్ మార్చాను. 1.50 యూరోల టికెట్‌తో మెట్రోలో సాన్ జొవాన్నీ స్టేషన్‌కి వెళ్లి, అక్కణ్నుంచి శాంతా క్రోచే చర్చి వైపు నడిచాం. చర్చి పక్కనే సార్డీనియా గ్రెనేడియర్ల (ఇటలీ సైన్యంలోని ఒక పాత కాల్బల పటాలం) మ్యూజియం. 1659లో టొరినోలో సవోయ్ డ్యూక్ రెండో కార్లో ఇమ్మానుయేలే తన కాపలాకు పెట్టుకున్న గార్డుల రెజిమెంటే ఈ పటాలానికి మొదలు. ఇటలీ అనే దేశం ఏర్పడక ముందే రెండు వందల ఏళ్ల సర్వీసు!

లోపల ఒక పెద్దాయన, కోటు కాలర్ మీద ఈ పటాలం గుర్తయిన రెండు తెల్ల పట్టీలు. నాన్న ఫోన్‌లో తన యూనిఫారం ఫొటో చూపించారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఆయన కాగితం మీద 1659 అని రాశారు. నాన్న కింద 1758 అని రాశారు, మద్రాస్ రెజిమెంట్ పుట్టిన ఏడాది. ఆయన తీసివేత వేసి 99 అని గీత గీసి, నాన్న భుజం తట్టారు. తర్వాత గంటన్నర సేపు మమ్మల్ని ఎవరూ కదపలేదు. పటాలానికి తన సొమ్ము ఇచ్చిన సాన్ పియెత్రో డ్యూక్ పేరున ఇప్పటికీ ఏటా ఫిబ్రవరి 18న ప్రార్థన జరుగుతుందని తెలిసినప్పుడు నాన్న కళ్లు తడిశాయి. 'రుణం మర్చిపోని పటాలం' అన్నారు. టికెట్ ఏమీ లేదు. వెళ్లే ముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

సాయంత్రం పిరమిదే మెట్రో స్టేషన్‌లో దిగి పోర్తా సాన్ పావ్లో అనే పాత నగర ద్వారం చూశాం. 1943 సెప్టెంబరు 10న రాజధానిని జర్మన్ల చేతికి పోనివ్వకూడదని గ్రెనేడియర్లు, మామూలు పౌరులు కలిసి నిలబడిన చోటు అది. రోడ్డు మీద బస్సుల హోరు. నాన్న ఆ పాత గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

రెండు రోజుల తర్వాత ఉత్తర ఇటలీలోని విచెంజాలో కారు అద్దెకు తీసుకుని (రోజుకు 61 యూరోలు) ఆసియాగో పీఠభూమి అంచున ఉన్న మోంతే చెంజియో ఎక్కాం. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 మే నెలాఖరు, జూన్ మొదట్లో ఆస్ట్రియా దాడికి గ్రెనేడియర్లు ఎదురు నిలిచిన కొండ. తూటాలు అయిపోయి, శత్రువును వాటేసుకుని లోయలోకి పడిపోయారని చెప్పుకునే అంచును 'గ్రెనేడియర్ దూకిన చోటు' అంటారు. రాతిలో తొలిచిన సొరంగాల గుండా బాట. టార్చ్ లేకపోతే వెళ్లకండి, కాలికి జారని బూట్లు ఉండాలి. అమ్మ 'లోయ చూస్తేనే టెన్షన్' అని కారులో కూర్చుంది. నాన్న మోకాళ్ల సంగతే ఎత్తలేదు. అంచు దగ్గర రెయిలింగ్ పట్టుకుని కిందికి చూశారు. తర్వాత చేయి వదిలి, మడమలు కలిపి సెల్యూట్ చేశారు.

కారులోకి రాగానే, మ్యూజియంలో ఉన్న ఆ పెద్దాయనకు ఈ ఫొటో పంపించమన్నారు. ఇంటికొచ్చాక ప్రింటు తీయించి, వెనక 1758 అని నాన్న చేతనే రాయించి పోస్టు చేశాను.