లండన్‌లో 196 పౌండ్ల గది, ఉచితంగా చూసిన జేన్ గ్రే

పాడింగ్టన్ స్టేషన్ దగ్గర రెండు రాత్రులకు 196 పౌండ్లు కట్టి గది తీసుకున్నాం. బుక్ చేసేటప్పుడు లిఫ్ట్ ఉందని స్పష్టంగా రాసుంది. తీరా వెళ్తే లిఫ్ట్ తలుపుకు ‘పనిచేయదు’ అని కాగితం అంటించారు, మా గదేమో నాలుగో అంతస్తులో. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఆ ఇరుకు మెట్లు ఆగి ఆగి ఎక్కింది. కింద గది ఇమ్మంటే కౌంటర్‌లో కుర్రాడు తలెత్తకుండానే రాత్రికి ఇంకో 30 పౌండ్లు అన్నాడు. ఖాళీ చేసిన రోజు సాయంత్రం దాకా పెట్టెలు ఉంచినందుకు పెట్టెకు 8 పౌండ్లు, ఆ సంగతి ముందు ఎక్కడా చెప్పలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇవన్నీ ముందే మెయిల్‌లో రాయించుకోండి. ఆ రాత్రి అమ్మ నాతో మాట్లాడలేదు.

మర్నాడు టవర్ ఆఫ్ లండన్ అనే పాత కోట. ఇద్దరికీ 70 పౌండ్ల దాకా అయింది. మళ్లీ క్యూలు, మళ్లీ మెట్లు.

మూడో రోజు ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీకి వెళ్లాం. టికెట్ లేదు. నేను వెళ్లింది ఒక్క బొమ్మ కోసం: ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ దెలారోష్ 1833లో వేసిన ‘లేడీ జేన్ గ్రే మరణశిక్ష’. దాదాపు మూడు మీటర్ల వెడల్పు. తొమ్మిది రోజులే ఇంగ్లండ్‌కు రాణిగా ఉండి, ఇరవై ఏళ్లు నిండకముందే 1554లో తల పోగొట్టుకున్న పిల్ల. తెల్లటి గౌను, కళ్లకు గంతలు. తల పెట్టాల్సిన మొద్దు ఎక్కడుందో తెలియక చేతులు చాచి తడుముకుంటోంది. ఒక పెద్దాయన వంగి దారి చూపిస్తున్నాడు. ఒక చెలికత్తె కూలబడింది, ఇంకొకామె గోడవైపు తిరిగిపోయింది. రక్తం చుక్క కూడా లేదు. కింద గడ్డి ఎందుకు పరిచారో తెలిసేసరికి నాకు ఒళ్లు జలదరించింది.

అమ్మ బెంచీ మీద కూర్చుని చాలాసేపు చూసింది. “కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె వెతుక్కున్నట్టున్నాయే ఆ చేతులు” అంది. రెండు రోజుల్లో కోపం లేకుండా అన్న మొదటి మాట అది.

నిజానికి ఆ శిక్ష జరిగింది ఆరుబయట, ముందురోజు మేం టవర్‌లో చూసిన పచ్చిక మీదే. దెలారోష్ దాన్ని చీకటి గదిలోకి తెచ్చాడు. నాటకంలా ఉందని కొందరు తీసిపారేస్తారు, నేను ఒప్పుకోను. 70 పౌండ్లు పెట్టినా టవర్‌లో కనిపించని ఆ పిల్ల నాకు ఇక్కడ కనిపించింది. 1928 థేమ్స్ వరదలో పోయిందనుకున్న ఈ బొమ్మ 1973లో టేట్ గ్యాలరీలో చుట్టచుట్టి ఉండగా బయటపడిందట. దొరక్కపోయుంటే అన్న ఆలోచనే భరించలేను.

దెలారోష్ బొమ్మలు లండన్‌లోనే వాలెస్ కలెక్షన్ అనే మ్యూజియంలో కూడా ఉన్నాయి, అదీ ఉచితమే. అక్కడ మెట్లుంటాయని చెప్పినా అమ్మ వస్తానంది.